శరత్కాలం చూపే సూచనలు

'ఆయత్' అనే పదానికి దివ్య ఖుర్ఆన్ వాక్యమనే అర్థంతోపాటు 'సూచన' అనే అర్థం కూడా ఉంది. రేయింబవళ్ల మార్పిడిలో వివేకవంతులకు సూచనలు ఉన్నాయని ఆలి ఇమ్రాన్ సూరా 190వ ఆయత్ తెలుపుతోంది. గ్రంథంలోని ఆయత్‌లను పారాయణం చేసే మనం, మన ఊరి నేల మీద, ఆకాశంలో ఉన్న ఆయత్‌లను కూడా గమనించాలి కదా! సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పాలకొల్లు పరిసరాల్లో కనిపించే కొన్నింటిని పరిశీలిద్దాం.

నేల మీద

ఉర్దూ కవులు ఈ రుతువును 'ఖిజాఁ' అన్నారు, అంటే ఆకులు రాలే కాలం. మన డెల్టాలో శరత్తు అలా ఉండదు. సార్వా వరి పొట్ట మీదికి వచ్చి ఈనడం మొదలుపెడుతుంది. గోదావరి లంకల్లో రెల్లు తెల్లగా పూస్తుంది. వరదకు ఎర్రబారిన నీరు మెల్లగా తేరుకుంటుంది. చేల మీద తూనీగలు గుంపులుగా తిరుగుతాయి. వాటిలో ఒక జాతి అక్టోబరు నుండి మాల్దీవుల్లో లక్షలాదిగా కనిపిస్తుంది. అవి మన దేశం నుండి సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా వరకు పోతాయని 2009లో ఛార్లెస్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త వివరించారు. అంత చిన్న ప్రాణికి దారి చూపినవాడు ఎవరు?

ఆకాశంలో

జూలై మొదట్లో సుమారు 6.40కి అయ్యే మగ్రిబ్ వేళ నవంబరు మధ్యకు 5.30 లోపుకు వచ్చేస్తుంది. నమాజు వేళలు పాటించే ఇంటికి రుతువు మారిన సంగతి గడియారమే చెబుతుంది. సెప్టెంబరులో ఫజ్ర్ నమాజుకు వెళుతూ ఆగ్నేయ దిక్కుకు చూడండి. ఆకాశం కింది భాగంలో ఒక పెద్ద నక్షత్రం మెరుస్తుంది. అదే 'సుహైల్'. ఇది పొడిస్తే వేడి తగ్గుతుందని అరబ్బులు సంతోషించేవారు. తెలుగువారు దీనినే అగస్త్య నక్షత్రం అంటారు, ఇది ఉదయిస్తే నీళ్లు తేటపడతాయని పెద్దల మాట.

ఒక జాగ్రత్త

మన రైతులు ఉత్తర, హస్త, చిత్త అని కార్తెలు లెక్కిస్తారు. అరబ్బులకు కూడా ఇటువంటి నక్షత్రాల లెక్క ఉండేది. హుదైబియాలో రాత్రి వాన కురిసిన తరువాత దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఒక విషయం స్పష్టం చేశారు: వాన అల్లాహ్ అనుగ్రహమని పలికినవారు విశ్వాసులు, ఫలానా నక్షత్రం వల్ల కురిసిందని పలికినవారు అల్లాహ్‌ను కాక నక్షత్రాన్ని నమ్మినవారు. కనుక "హస్త కార్తెలో వాన పడింది" అనడం కాలాన్ని చెప్పడం మాత్రమే, అందులో దోషం లేదు. "హస్త కార్తె వాన ఇచ్చింది" అని నమ్మడం మాత్రం విశ్వాసానికే ముప్పు. మాట చిన్నదే, తేడా చాలా పెద్దది.

మన బాధ్యత

వరి ఈనే ఈ కాలమే తుఫానుల కాలం కూడా. 1996 నవంబరు 6 నాటి తుఫాను గోదావరి జిల్లాలను ఎలా దెబ్బతీసిందో పెద్దలకు గుర్తే. పచ్చని చేను చూసి గర్వించే రైతుకు, అది తన చేతిలో లేదని ఆ రాత్రి తెలిసింది. అందుకే విశ్వాసి చేను చూసి కృతజ్ఞత చెబుతాడు, మబ్బు చూసి దుఆ చేస్తాడు, పంట నష్టపోయిన కౌలు రైతు ఏ మతస్థుడైనా ఆదుకుంటాడు. కోత నాడే పంట హక్కు చెల్లించాలని అన్ఆమ్ సూరా 141వ ఆయత్ ఆదేశిస్తోంది. వాన నీటితో పండితే పదో వంతు, శ్రమపడి నీరు పెడితే ఇరవయ్యో వంతు. మీ పొలం ఏ కోవలోకి వస్తుందో ఆలిమ్‌ను అడిగి ఇప్పుడే తెలుసుకోండి.

ఈ వారం పిల్లలను ఫజ్ర్‌కు వెంట తీసుకువెళ్లి సుహైల్‌ను చూపండి. దానిని సృష్టించినవాడు ఎవరో కూడా చెప్పండి. అల్లాహ్ మనందరికీ చూసే కళ్లను, గ్రహించే హృదయాలను ప్రసాదించుగాక! ఆమీన్.