తిండి మానేస్తున్న పిల్లల రక్తం గురించి: చేయవలసినవి - చేయకూడనివి

లావైపోతానన్న భయంతో తిండి తగ్గించుకుంటూ పోవడం మొండితనం కాదు, అనోరెక్సియా నెర్వోసా అనే జబ్బు. మగపిల్లలకూ వస్తుంది. మనిషి మరీ చిక్కిపోతే ఎముక మజ్జలోని కొవ్వూ కరిగి, దాని చోట జిగురు పదార్థం చేరుతుంది. రక్తకణాలు పుట్టేది ఆ మజ్జలోనే. అందుకే సుమారు మూడో వంతు మందిలో రక్తహీనత, దాదాపు అంతే మందిలో తెల్లకణాల తగ్గుదల కనిపిస్తాయి. కొందరిలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లూ పడిపోతాయి. సరైన పోషణ అందితే ఇవి చాలావరకు కోలుకుంటాయి. కాబట్టి ఆలస్యం చేయకండి.

చేయవలసినవి

• పెద్దాపురం ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుకు చూపించండి. రక్తకణాల పరీక్షతో పాటు షుగర్, పొటాషియం, ఫాస్ఫేట్, ఈసీజీ అవసరమేమో అడగండి.
• మానసిక వైద్యం కూడా కావాలి. కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో ఆ విభాగం ఉంది.
• పళ్లు తోముకున్నప్పుడు చిగుళ్ల నుంచి రక్తం, దెబ్బ తగలకుండానే చేతుల మీద కమిలిన మచ్చలు కనిపిస్తే డాక్టరుకు చెప్పండి.
• దగ్గు, మూత్రంలో మంట, చీము పట్టిన పుండు ఉంటే ఆ రోజే చూపించండి. ఈ జబ్బులో ఇన్‌ఫెక్షన్ ముదిరినా జ్వరం రాకపోవచ్చు.

చేయకూడనివి

• హిమోగ్లోబిన్ బాగుందని ధీమా పడొద్దు. ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడితే అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.
• రక్తం పట్టడానికని సొంతంగా ఐరన్ ఇంజెక్షన్లు, టానిక్కులు వాడొద్దు. ఇక్కడ లోపం ఐరన్ ఒక్కటే కాదు, మొత్తం పోషణది.
• చాలా రోజులు తినని పిల్లకు ఒక్కసారిగా కడుపునిండా పెట్టొద్దు. ఫాస్ఫేట్ పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఎంత పెట్టాలో, ఎప్పుడు పెంచాలో డాక్టరే చెప్పాలి.
• ప్లేట్‌లెట్లు తక్కువుంటే మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు వేయొద్దు.
• ఆషాఢంలో మరిడమ్మ జాతరకొచ్చిన చుట్టాలను "ఎంత చిక్కిపోయావే", "కాస్త ఒళ్లు చేశావే" అననివ్వొద్దు. రెండు మాటలూ ఆ పిల్ల భయాన్ని పెంచుతాయి.
• దిష్టి తీసి ఊరుకోవద్దు. తిట్టొద్దు.

స్పృహ తప్పినా, ఊపిరాడకపోయినా, గుండె దడ తగ్గకపోయినా, రక్తస్రావం ఆగకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. చచ్చిపోవాలనుంది అన్న మాట నోట వస్తే ఒంటరిగా వదలకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు రాత్రీపగలూ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు.