తల కొట్టినా బతికిన చెట్లు: బర్నమ్ బీచెస్ అడవిలో నడక

పిల్లలూ! ఈ పాఠంలో మనం ఇంగ్లాండులోని ఒక పాత అడవికి, దాని చుట్టూ ఉన్న పొలాలకి వెళ్దాం. అడవిని తెలుగులో ఎలా వర్ణించాలో, 'చెయ్యకూడదు' అని ఎన్ని రకాలుగా చెప్పవచ్చో నేర్చుకుందాం. పాఠం అయ్యాక మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఒక ఫోను చెయ్యాలి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

1. అడవా? తోపా? చిట్టడవా?

తెలుగులో చెట్లు ఎక్కువగా ఉన్న చోటుకి చాలా పేర్లు ఉన్నాయి. పులులు, ఎలుగుబంట్లు తిరిగే పెద్దది 'అడవి'. ఒకే రకం చెట్లు వరసగా నాటితే 'తోపు': మామిడి తోపు, జీడిమామిడి తోపు. చిన్న అడవి అయితే 'చిట్టడవి'. చిట్టి + అడవి అన్నమాట. ఇంగ్లాండులో ఊళ్ళ మధ్య, పొలాల మధ్య కనిపించే అడవులకి ఈ 'చిట్టడవి' అనే మాట చక్కగా సరిపోతుంది.

మనం వెళ్ళబోయే చిట్టడవి పేరు బర్నమ్ బీచెస్. ఇది లండన్‌కి పడమర వైపు, స్లౌ పట్టణానికి ఉత్తరంగా, బకింగ్‌హామ్‌షైర్‌లో ఉంది. విస్తీర్ణం సుమారు 540 ఎకరాలు. 'ఎకరం' అనే మాట మన తాతయ్యలు రోజూ వాడేదే. అది ఇంగ్లీషు నుంచి వచ్చి తెలుగులో స్థిరపడిపోయింది.

ఒక జాగ్రత్త! ఇక్కడ 'బీచ్' అంటే సముద్రం ఒడ్డు కాదు. అది ఒక చెట్టు పేరు. తెలుగు లిపిలో రెండూ ఒకేలా రాస్తాం కాబట్టి 'బీచ్ చెట్టు' అని చెప్తే ఎవరూ పొరబడరు.

2. చెట్లని చూద్దాం

అడవిలోకి అడుగు పెట్టగానే బీచ్ చెట్టుని గుర్తుపట్టవచ్చు. దాని బెరడు బూడిద రంగులో, నున్నగా ఉంటుంది. వసంతంలో చిగురు లేత ఆకుపచ్చగా వస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆకులన్నీ రాగి రంగులోకి మారి రాలిపోతాయి. పక్కనే ఓక్ చెట్లు కూడా ఉంటాయి. ఓక్ బెరడు గరుకుగా, పగుళ్ళతో ఉంటుంది. ఆకు అంచు అలలు అలలుగా ఉంటుంది.

ఇక్కడి పాత చెట్లు కొంచెం వింతగా కనిపిస్తాయి. మాను పొట్టిగా, చాలా లావుగా ఉంటుంది. దాని పైనుంచి ఒక్కసారిగా ఎన్నో కొమ్మలు నాలుగు దిక్కులకీ లేస్తాయి. చాలా మానుల్లో పెద్ద పెద్ద తొర్రలు ఉంటాయి. ఈ చెట్లు వాటంతట అవి ఇలా పెరగలేదు. మనుషులే ఇలా చేశారు.

పూర్వం ఈ చుట్టుపక్కల పల్లె జనానికి పొయ్యిలోకి కట్టెలు కావాలి. అలాగని చెట్టుని మొదలంటా నరికేస్తే మళ్ళీ దొరకదు. కింద నరికితే కొత్త చిగుళ్ళని పశువులు తినేస్తాయి. అందుకని పశువుల నోటికి అందని ఎత్తులో, మనిషి తలకన్నా పైన, చెట్టు తల కొట్టేసేవారు. అక్కడ కొత్త కొమ్మలు వచ్చేవి. కొన్నేళ్ళు ఆగి వాటిని మళ్ళీ కొట్టుకునేవారు. పైన కట్టెలు, కింద పశువులకి మేత. ఒకే నేల రెండు పనులకి ఉపయోగపడేది.

ఇలా కొట్టడం వల్ల చెట్టు చచ్చిపోలేదు సరికదా, ఎక్కువ కాలం బతికింది! మామూలు బీచ్ చెట్టు 200-300 ఏళ్ళు బతుకుతుంది. ఇక్కడి తల కొట్టిన చెట్లలో 400 ఏళ్ళు దాటినవి ఉన్నాయి. పైన బరువు తక్కువగా ఉంటే గాలివానకి చెట్టు విరగదు కదా. ఇక్కడి 'డ్రూయిడ్స్ ఓక్' అనే ఓక్ చెట్టుకి 800 ఏళ్ళు ఉంటాయని అంచనా.

3. ఆగిపోయిన పని

బొగ్గు చవగ్గా దొరకడం మొదలయ్యాక కట్టెల అవసరం తగ్గింది. దాదాపు 200 ఏళ్ళ కిందట చెట్ల తల కొట్టడం ఆగిపోయింది. అప్పటినుంచి కొమ్మలు పెరిగి పెరిగి బరువెక్కాయి. లోపల తొర్ర, పైన బరువు. పెద్ద గాలి వస్తే మాను నిలువునా చీలిపోయే ప్రమాదం ఉంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. పని ఆగిన కాలంలో కొత్తగా ఇలాంటి చెట్లు తయారు కాలేదు. తొర్రలున్న ముసలి చెట్లు ఉన్నాయి, పడుచు చెట్లు ఉన్నాయి, మధ్య తరం చాలా తక్కువ. పుచ్చిన కొయ్యలో బతికే అరుదైన పురుగులు, పుట్టగొడుగులు, తొర్రల్లో పడుకునే గబ్బిలాలు ముసలి చెట్లనే నమ్ముకుని ఉన్నాయి. పడుచు చెట్లకి తొర్రలు వచ్చేలోపు ముసలివన్నీ పడిపోతే ఆ జీవులు ఎక్కడికి పోతాయి?

అందుకే ఇప్పుడు అడవిని చూసుకునేవాళ్ళు ముసలి చెట్ల కొమ్మలని ఒక్కసారిగా కాకుండా, కొన్నేళ్ళ పాటు కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నారు. కొన్ని పడుచు చెట్లకి కొత్తగా తల కొడుతున్నారు. ఆవులని, పొట్టి గుర్రాలని మళ్ళీ మేతకి వదులుతున్నారు.

నిజానికి ఈ అడవి మొత్తం ఒకసారి పోవలసింది. 1879లో ఈ భూమిని అమ్మకానికి పెట్టారు. పెద్ద పెద్ద ఇళ్ళు కట్టుకోవడానికి బాగుంటుందని చెప్పారు. ఫ్రాన్సిస్ జార్జ్ హీత్ అనే ప్రకృతి రచయిత దీన్ని కాపాడమని లండన్ నగర కార్పొరేషన్‌ని కోరారు. నగరానికి 25 మైళ్ళ లోపు ఉన్న ఖాళీ స్థలాలని జనం కోసం కొనవచ్చని 1878లోనే చట్టం వచ్చింది. 1880లో కార్పొరేషన్ ఈ అడవిని కొన్నది. ఈ రోజు మనం నడుస్తున్నది అందుకే.

4. నిశ్శబ్దంలో చప్పుళ్ళు

అడవి మధ్యకి వెళ్ళి ఒక్క నిమిషం కదలకుండా నిలబడండి. ఏమీ వినబడటం లేదా? మళ్ళీ వినండి.

ఎండుటాకుల మీద అడుగు వేస్తే: కరకర
గాలికి ఆకులు కదిలితే: గలగల
చిన్న పిట్టలు అరిస్తే: కిచకిచ
వడ్రంగిపిట్ట ముక్కుతో మానుని కొడితే: టకటక
ఆకుల మీంచి వాన చుక్కలు పడితే: టపటప

దూరంగా విమానం మోత కూడా వినబడవచ్చు. హీత్రో విమానాశ్రయం ఎక్కువ దూరంలో లేదు. 'ప్రశాంతంగా ఉంది' అంటే చప్పుడు అసలు లేదని కాదు. చిన్న చిన్న చప్పుళ్ళు కూడా వినబడేంత నెమ్మదిగా ఉందని అర్థం.

5. అడవి దాటి పొలాల్లోకి

ఇంగ్లాండులో చాలాచోట్ల పొలం ఒక రైతుదే అయినా, దానిలోంచి పోయే కాలిబాట మాత్రం అందరిదీ. కాలిబాటకి గుర్తుగా పసుపు బాణం ఉంటుంది. నీలం బాణం ఉంటే ఆ దారిలో గుర్రాలు, సైకిళ్ళు కూడా వెళ్ళవచ్చు. కంచె అడ్డం వస్తే ఎక్కి దిగడానికి చెక్క మెట్టు ఉంటుంది. దాన్ని 'స్టైల్' అంటారు.

అడవికి తూర్పున రెండు మూడు మైళ్ళ దూరంలో స్టోక్ పోజెస్ అనే ఊరు ఉంది. అక్కడి పాత చర్చి ఆవరణలో థామస్ గ్రే అనే కవి సమాధి ఉంది. ఆయన 1771లో చనిపోయారు. కుర్రవాడిగా ఉన్నప్పుడు బర్నమ్ బీచెస్ గురించి స్నేహితుడికి ఉత్తరం రాశారు. పల్లెలో పుట్టి, పల్లెలోనే పనిచేసి, ఎవరికీ తెలియకుండా చనిపోయిన సామాన్యుల గురించి ఆయన రాసిన కవిత 1751లో అచ్చయింది. ఆలోచించండి: అడవిలో కట్టెలు కొట్టి, ఆ చెట్లని ఇంతకాలం బతికించినవాళ్ళు కూడా అలాంటివాళ్ళే. వాళ్ళ పేర్లు మనకి తెలియవు. వాళ్ళ పని మాత్రం ఇంకా కనిపిస్తోంది.

6. భాష: 'చెయ్యకూడదు' అని ఎలా చెప్పాలి?

'తొక్కు' అనే క్రియ తీసుకుందాం.

తొక్కకు: తమ్ముడికి, చెల్లికి, స్నేహితులకి.
తొక్కకండి: పెద్దవాళ్ళకి, లేదా చాలామందికి ఒకేసారి.
తొక్కొద్దు: మాట్లాడేటప్పుడు. గౌరవంగా అయితే 'తొక్కొద్దండి'.
తొక్కకూడదు: అందరికీ వర్తించే నియమం.

ఇప్పుడు ఈ నియమాలు చదవండి.

ముసలి చెట్ల మొదట్లో నేలని తొక్కకూడదు. మట్టి గట్టిపడితే వేళ్ళకి నీరు, గాలి అందవు.
పడిపోయిన కొమ్మలని ఇంటికి తేకూడదు. అవి పురుగుల ఇళ్ళు.
పొలం గేటు మూసి ఉంటే, దాటాక మళ్ళీ మూయాలి. తెరిచి ఉంటే అలాగే వదిలెయ్యాలి.
ఆవుల దగ్గరికి వెళ్ళకూడదు, పరిగెత్తకూడదు.

7. సంభాషణ

(కావ్య ఇంగ్లాండులో ఉంటుంది. వాళ్ళ అమ్మమ్మ కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూళ్ళో ఉంటుంది.)

కావ్య: అమ్మమ్మా, నిన్న మేము బర్నమ్ బీచెస్‌కి వెళ్ళాం.
అమ్మమ్మ: బీచ్‌కా? ఇంత చలిలో సముద్రంలో దిగారా ఏంటే?
కావ్య: సముద్రం కాదు అమ్మమ్మా! బీచ్ అని ఒక చెట్టు. మేము వెళ్ళింది అడవికి.
అమ్మమ్మ: ఓహో, చెట్టా! ఎలా ఉంటుందేమిటి?
కావ్య: మాను ఇంత లావు. బెరడు నున్నగా ఉంటుంది. లోపల నేను పట్టేంత తొర్ర!
అమ్మమ్మ: దూరావా ఏంటి?
కావ్య: లేదు, దూరకూడదు. వేళ్ళ మీద మట్టి గట్టిపడిపోతుందట. ఆ చెట్లకి పూర్వం తల కొట్టేసేవాళ్ళట. అయినా చచ్చిపోలేదు, తెలుసా?
అమ్మమ్మ: ఎందుకు చస్తాయే? మా నాన్న కానుగ చెట్లకి మండలు కొట్టి వరిమడిలో తొక్కించేవాడు. ఏడాది తిరిగేసరికి చెట్టు మళ్ళీ గుబురుగా అయ్యేది.
కావ్య: మండలు అంటే?
అమ్మమ్మ: ఆకులతో ఉన్న కొమ్మలమ్మా. అవి కుళ్ళితే పొలానికి ఎరువు.
కావ్య: ఇక్కడివాళ్ళు పొయ్యిలోకి కొట్టుకునేవాళ్ళు. మీరు పొలంలోకా!
అమ్మమ్మ: అంతేగా మరి. చెట్టుని చంపకుండా వాడుకోవడం తెలియాలి.

8. కొత్త మాటలు

మాను: చెట్టు మొదలుకీ కొమ్మలకీ మధ్య ఉండే లావు భాగం
బెరడు: మాను పైన ఉండే చర్మం లాంటిది
తొర్ర: మానులో ఏర్పడిన గుంత
చిగురు: కొత్తగా వచ్చిన లేత ఆకు
మండ: ఆకులతో ఉన్న కొమ్మ
గుబురు: కొమ్మలు, ఆకులు దట్టంగా ఉండటం

9. అభ్యాసాలు

అ) జవాబులు రాయండి.
1. చెట్టు తలని మనిషి తలకన్నా పైనే ఎందుకు కొట్టేవారు?
2. చెట్ల తల కొట్టడం ఎందుకు ఆగిపోయింది? దానివల్ల ఏం ప్రమాదం వచ్చింది?
3. 'మధ్య తరం చాలా తక్కువ' అంటే ఏమిటి? మీ మాటల్లో చెప్పండి.
4. అమ్మమ్మ మొదట ఏమని పొరబడింది?

ఆ) నాలుగు రకాలుగా మార్చండి.
ఉదాహరణ: కొయ్యి: కొయ్యకు, కొయ్యకండి, కొయ్యొద్దు, కొయ్యకూడదు
1. ఎక్కు  2. అరువు  3. పారెయ్యి

ఇ) మీరు ఏ దేశంలో ఉన్నా సరే, దగ్గర్లో చెట్లున్న చోటికి వెళ్ళండి. ఐదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. విన్న చప్పుళ్ళని తెలుగులో రాయండి.

ఈ) ఇప్పుడు ఫోను! మీ అమ్మమ్మకో, నానమ్మకో, తాతయ్యకో, ఊళ్ళో ఉన్న పెద్దమ్మకో ఫోను చెయ్యండి. మీరు నడిచిన చోటు గురించి ఐదు వాక్యాలు చెప్పండి. తరవాత ఈ ప్రశ్న అడగండి: "మీ చిన్నప్పుడు మీ ఊళ్ళో ఏ చెట్టు కొమ్మలు కొట్టేవాళ్ళు? దేనికి?" జవాబులో మీకు తెలియని మాట ఒక్కటైనా వస్తుంది. దాని అర్థం అడిగి, ఇక్కడ రాసుకోండి.

నేను నేర్చుకున్న మాట: ____________
నాకు చెప్పినవారు: ____________