అర్దాస్, మందు



సాధ్‌సంగత్ జీ, 1664లో ఢిల్లీలో మశూచి చెలరేగింది. అప్పుడు ఎనిమిదవ పాత్‌షాహీ శ్రీ గురు హరికృష్ణ్ సాహిబ్ జీకి ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. అయినా రోగుల మధ్యకు వెళ్లి సేవ చేశారు. చివరకు ఆ రోగంతోనే జ్యోతీ జ్యోత్ సమాయారు. వారి అంత్యక్రియలు జరిగిన చోటే నేటి బాలా సాహిబ్ గురుద్వారా. 2021లో అక్కడే ఉచిత డయాలసిస్ ఆసుపత్రి తెరిచారు.

అదే ఏడాది మే నెలలో, కరోనా వేళ, రకాబ్‌గంజ్ సాహిబ్‌లో 400 పడకల కేంద్రం నడిచింది. చోటు, లంగర్ గురుద్వారా ఇచ్చింది. వైద్యానికి దాన్ని ప్రభుత్వ ఆసుపత్రితో కలిపారు. ఎవరికి చేతనైన పని వాళ్లు చేశారు.

కొందరు వీర్‌లు అడుగుతుంటారు: "అర్దాస్ చేశాం కదా, మళ్లీ మందులెందుకు?" భాయీ కన్హయ్యా జీ సాఖీ గుర్తు చేసుకోండి. ఆనంద్‌పుర్ యుద్ధంలో ఆయన శత్రువుల గాయపడ్డ వారికీ నీళ్లు పోశారు. దశమేశ్ పితా కోప్పడలేదు, పైగా మలాం, పట్టీలు చేతికిచ్చారు. నామం జపించే చేతికే మందూ ఇచ్చారన్నమాట.

ఇక మన ఇంటి సంగతి. సికిలీగర్ అంటేనే ఆయుధాలకు సానపట్టి మెరుగుపెట్టేవాడు. కత్తులు, కొడవళ్లు సానపట్టేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. ముఖ్యంగా సానరాయి నుంచి వచ్చే ఇసుకదుమ్ము ప్రమాదం. అది పట్టిన ఊపిరితిత్తులకు టీబీ త్వరగా అంటుకుంటుంది. రెండు వారాలు దాటి దగ్గుంటే "పొగ పడలేదు" అని సరిపెట్టుకోకండి. కఫం పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మామూలు టీబీకి మందు ఆరు నెలలు. రెండో నెలకే ఆకలి పుడుతుంది, బరువు పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే మనవాళ్లు సంచి భుజాన వేసుకుని వేరే ఊళ్లకు పనికి పోతారు, మందు ఆగిపోతుంది. మధ్యలో ఆపితే టీబీ మొండిదై, ఆ మందులకే లొంగకుండా పోవచ్చు. ఊరు మారేముందు ఆసుపత్రిలో చెబితే, వెళ్లిన చోట మందులు అందేలా రాసిస్తారు.

చికిత్స సాగినన్నాళ్లూ తిండి ఖర్చుకు నెలకు 1000 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో వేసే పథకం ఉంది. 2022 నుంచి ని-క్షయ్ మిత్ర కింద ఏ సంస్థయినా రోగికి పోషకాహారం ఇవ్వవచ్చు, గురుద్వారా కమిటీ కూడా. లంగర్ నడిపే మనకు ఇది కొత్త పనేం కాదు. కమిటీ ఒక సేవాదార్‌ను పెట్టి, ఆశా కార్యకర్తతో మాట్లాడి, రోజూ మందు వేసుకున్నారో లేదో కనుక్కునే బాధ్యత అప్పగించవచ్చు. ఆ సేవకు ఒక బీబీ జీ ముందుకొస్తే మరీ మంచిది, ఆడవాళ్లు మగవాళ్లకు రోగం సంగతి చెప్పుకోరు.

ఒక్క జాగ్రత్త. రోగి పేరు దీవాన్‌లో చదవకండి. అర్దాస్ పేరు లేకుండానే చేయవచ్చు. పిల్ల పెళ్లి ఆగిపోతుందన్న భయంతో తల్లి రోగాన్ని దాచుకునే బస్తీల్లో, నోరు జారిన ఆ ఒక్క మాటకు ఇంకో పదిమంది పరీక్షకే రారు.