అడవి అంచున కూర్చుని చూడు

జగిత్యాల,
మృగశిర కార్తె.

బిడ్డా,

కోరుట్లలో పెళ్లి చూసుకొని, రుద్రంగి, వేములవాడల మీదుగా సిరిసిల్లకు పోతూ దోస్తులతో ఒక రాత్రి అడవిలో మిణుగురులు చూడాలని ఉందని రాశావు. మహారాష్ట్రలోని పురుష్‌వాడి దాకా పోవాలనుకున్నా సెలవులు కుదరలేదని బాధపడ్డావు. బాధ అక్కర్లేదు. మిరుగంలో, అంటే ఈ మృగశిరలో, రెండు మంచి వానలు పడితే మన వాగుల పక్కన కూడా అవి కనిపిస్తాయి.

ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. పురుష్‌వాడిలో, భండార్‌దరాలో మే ఆఖరు నుంచి జూన్ దాకా చెట్లకు చెట్లే మెరుస్తాయి. అక్కడి వీడియోలు మనసులో పెట్టుకొని రుద్రంగి దిక్కు వస్తే ఉసూరుమంటావు. మన దగ్గర పొదకు ఒకటో రెండో, వాగు ఒడ్డున ఇంకొన్ని, అంతే. తక్కువ ఉండడంలో ఒక లాభముంది. ఒక్క పురుగు మీదే కన్నుపెట్టి అది ఏం చేస్తోందో చివరిదాకా చూడొచ్చు.

ఏం చేస్తోందో తెలిస్తేనే ఎట్లా చూడాలో తెలుస్తుంది. మిణుగురు ఈగ కాదు, పెంకు పురుగుల జాతి. ప్రపంచంలో రెండు వేలకు పైగా రకాలున్నాయి. ఎగురుతూ మెరిసేది ఎక్కువగా మగది. ఆడది గడ్డి పరక మీదనో, కింది ఆకు మీదనో కూర్చొని, తన జాతి మగదాని మెరుపును గుర్తుపట్టి బదులు మెరుస్తుంది. కొన్ని జాతుల్లో ఆడదానికి రెక్కలే ఉండవు, నేల మీదే పాకుతుంది. మన దేశంలో తరచు కనిపించే రకాల్లో మగదాని పొట్ట చివర వెలిగే పట్టీలు రెండు, ఆడదానికి ఒక్కటే. చేతికి దగ్గరగా ఆకు మీద ఒకటి వాలితే పరీక్షగా చూడు, పట్టుకోవద్దు. ఆ వెలుగుకు వేడి ఉండదు. లూసిఫెరిన్ అనే పదార్థం లూసిఫరేజ్ అనే ఎంజైమ్ సాయంతో ఆక్సిజన్‌తో కలిసినప్పుడు పుట్టే వెలుగు అది.

ఇక మిణుగురు పిల్లలు. అవి తడి మట్టిలో, రాలిన ఆకుల కింద నెలల తరబడి బతుకుతాయి. నత్తల్ని, గుల్ల లేని మెత్తని నత్తల్ని కరిచి, విషంతో కదలకుండా చేసి తింటాయి. రెక్కలొచ్చి మెరిసే బతుకు కొద్ది వారాలే. ఆ వారాల్లో చాలా రకాలు తిండి కూడా ముట్టవు, జోడీ వెతుక్కోవడమే పని.

అందుకే నేను చెప్పే ముఖ్యమైన సలహా ఒక్కటే: నడవకు, కూర్చో. నువ్వు చూడవచ్చిన మెరుపు తల మీద ఎగురుతుంటే, అది వెతుకుతున్న ఆడది, వచ్చే ఏడు మెరవాల్సిన పిల్లలు నీ చెప్పుల కింద ఉంటాయి. వెలుగు వెంట పొదల్లోకి నలుగురు దూరితే చూడడం అయ్యేలోపు తొక్కడం అయిపోతుంది. బండ్ల బాట పక్కన, అడవి అంచున ఒక బండరాయి చూసుకో. పొద్దు గుంకక ముందే కూర్చో. చీకటికి కన్ను అలవాటు పడడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ తెర వెలిగిస్తే మళ్లీ మొదటికొస్తుంది. మీలో ఒక్కరి దగ్గర టార్చి ఉంటే చాలు, దాని మీద ఎర్ర గాజు కాగితం చుట్టండి, నేల వైపే పట్టండి. కారు లైట్లు, ఫ్లాష్ బంద్. మనిషి వెలుగు మధ్య ఆ పురుగులకు ఒకదాని సైగ ఒకదానికి అందదు, జోడీ కుదరదు. సిరిసిల్ల మరమగ్గాల వాడల్లో, కొండగట్టు గుడి దారిలో రాత్రంతా లైట్లుంటాయి, అక్కడ వెతకడం దండగ. రుద్రంగి, చందుర్తి దిక్కు వాగుల పక్కన, జగిత్యాల వైపైతే కొడిమ్యాల అడవి అంచులో నయం. వాన వెలిసి, గాలి ఆగి, వెన్నెల లేని రాత్రి చూసుకో. చీకటి పడ్డాక మొదటి గంట, గంటన్నర వాటి జోరు.

లోపలికి పోవద్దనడానికి ఇంకో కారణముంది. అడవి పందుల కోసం కొందరు చేన్ల గట్ల మీద, అడవి బాటల్లో దొంగచాటుగా కరెంటు తీగలు పరుస్తారు. చట్టరీత్యా నేరమే, అయినా మన రాష్ట్రంలో మనుషులు వాటికి తగిలి చచ్చిపోతున్నారు. చీకట్లో ఆ తీగ కనపడదు. ఎలుగుబంట్లు ఉన్న గుట్టలు మనవి. తొలకరికి కట్లపాము, రక్తపింజర కూడా బయట తిరుగుతాయి. మోకాళ్ల దాకా బూట్లు, చేతిలో కర్ర ఉండాలి. రిజర్వు ఫారెస్టులో రాత్రిపూట అనుమతి లేకుండా అడుగుపెట్టడం తప్పు, బీట్ ఆఫీసరును ముందే కలవండి. పక్క చేను రైతును కూడా అడగండి. ఏ గట్టు మీద నడవొచ్చో, ఏది వద్దో ఆయనకంటే తెలిసినవాళ్లు లేరు. ఆయన వెంట వస్తానంటే ఇంకా మంచిది.

సీసాలో పట్టుకొద్దామని నీ దోస్తుల్లో ఎవరైనా అంటే వద్దని గట్టిగా చెప్పు. తెచ్చుకోవాలంటే ఒక లెక్క తెచ్చుకో. ఆంధ్రప్రదేశ్‌లోని బర్రంకుల ఊళ్లో 1996లో పది మీటర్ల మేర ఐదు వందలకు పైగా కనిపించిన మిణుగురులు, 2019లో పది, ఇరవైకి పడిపోయాయి. అప్పుడు లెక్క ఉండబట్టే ఇప్పుడు ఎంత పోయిందో తెలిసింది. లేకుంటే "మా చిన్నప్పుడు చాలా ఉండేవి" అనే మా ముసలోళ్ల మాటగానే మిగిలేది, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

నువ్వు కూర్చున్న చోటు, తారీకు, ఎన్ని గంటలకు, అంతకుముందు వాన ఎప్పుడు పడింది, చుట్టూ పది మీటర్లలో పది నిమిషాలకు ఎన్ని మెరుపులు, పక్క పొలంలో మందు కొట్టారా లేదా, ఇవన్నీ ఇంటికొచ్చాక కాగితం మీద పెట్టు. వచ్చే మిరుగంలో అదే బండ మీద కూర్చొని మళ్లీ రాయి. ఒక ప్రతి నాకు పంపు. నాకు చేతనైనన్నాళ్లు కొడిమ్యాల వైపు నేనూ లెక్క రాస్తాను, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

సిరిసిల్ల చేరగానే ఫోన్ చెయ్యి. అమ్మను అడిగినట్టు చెప్పు.

మీ పెద్దబాపు