రెండు ప్రయాణముల నడుమ: ఆవిరి ఇంజనునకు జరుగు పరిచర్య

మన హరూరు వాసులకు రైలుబండి యనగానే మొదట స్ఫురించునది మొరప్పూరు స్టేషను. చెన్నపట్టణమందలి రాయపురము నుండి 1856వ సంవత్సరము జూలై 1వ తేదీన ఆర్కాడు దిక్కుగా తెరువబడిన మద్రాసు రైల్వే మార్గము, జోలార్పేట మీదుగా 1861 నాటికి సేలమునకు చేరెను. మొరప్పూరు ఆ దారిలోనిదే. 1906లో మొరప్పూరు నుండి ధర్మపురికి రెండున్నర అడుగుల వెడల్పుగల చిన్న రైలుదారి కూడ వేయబడెను. అది పిదప హోసూరు వరకు సాగి, రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1941లో, మూతపడినది. ఆ పొగబండ్లను ఎరిగిన పెద్దలు నేడు మన నడుమ బహు స్వల్పము. మన బాలబాలికలు ఆవిరి ఇంజనును పుస్తకములోని బొమ్మగా మాత్రమే ఎరుగుదురు.

నీరు కాగి ఆవిరియగుట, ఆవిరి ముషలకమును త్రోయుట, చక్రము తిరుగుట, ఇంతవరకు బడిలో చెప్పుదుము. అంతటితో పాఠము ముగిసినదని పిల్లలు తలచెదరు. కాని ఒక్క దినము నడచిన ఇంజను మరల నడచుటకు ఎన్ని దినముల సేవ కావలయునో, ఆ సేవలో ఎంత శాస్త్రము ఇమిడియున్నదో చెప్పు పాఠము లేదు. అది తల్లిదండ్రులకు తెలిసిన, ఇంటివద్దనే పిల్లలకు చూపదగిన విషయములు అందులో చాల కలవు. అందుచేతనే ఈ వ్యాసము.

మనకు దగ్గరలో నున్న దృష్టాంతము చెన్నపట్టణపు ఈ.ఐ.ఆర్. 21 అను ఇంజను. ఇది 1855లో ఇంగ్లండు దేశమందలి లీడ్సు నగరమున కిట్సన్, థామ్సన్ అండ్ హెవిట్సన్ కంపెనీవారు ఈస్టిండియన్ రైల్వేకు చేసి పంపినది. సుప్రసిద్ధమైన ఫెయిరీ క్వీన్ దీని తోబుట్టువు. దాని సంఖ్య 22. ఈ రెండును 1909లో పని విరమించినవి. 21వ సంఖ్యగల ఇంజను వంద సంవత్సరములు బొమ్మవలె నిలిచియుండి, 2010లో పెరంబూరు లోకో వర్క్సునందు మరల ప్రాణము పోసికొనెను. ఆ కార్ఖానా స్వయముగా 1856 నాటిది. అనగా ఇంజను కన్న ఒక యేడు చిన్నది. తరువాత స్వాతంత్ర్య దినము మున్నగు సందర్భములందు ఈ యింజను ఎగ్మూరు, కోడంబాకము స్టేషనుల నడుమ ప్రయాణికులతో నడచినది. ఫెయిరీ క్వీన్ 1997 నుండి ఢిల్లీ, ఆళ్వారుల మధ్య విహారయాత్రలు చేసి, పిమ్మట మరమ్మతునకై అదియు పెరంబూరునకే వచ్చినది. ఉత్తరాదిని ఇట్టి ఇంజనులకు పుట్టినిల్లు వంటిది హర్యానా రాష్ట్రమందలి రేవాడీ షెడ్డు. 1893లో కట్టబడిన ఆ షెడ్డులో అక్బర్, ఆజాద్ అను పేర్లుగల డబ్ల్యు.పి. తరగతి ఇంజనులు కలవు.

సందర్శకులు చూచునది గంటసేపటి ప్రయాణము. బండి దిగి వారు ఇండ్లకు పోయినపిమ్మట షెడ్డులో అసలు పని మొదలగును.

మొదట చేయవలసినది నిప్పును దించుట. ఇది పొయ్యిపై నీళ్లు చల్లినట్టు చేయరాదు. ఎర్రగా కాగిన ఇనుప పలకలపై చల్లని గాలి ఒక్కసారి సోకినయెడల అవి అసమానముగా సంకోచించి, గొట్టముల మొదళ్లు వదులై కారును. కావున నిప్పును క్రమముగా తగ్గించి, కరిగి గట్టిపడిన చిట్టెమును ఇనుప కడ్డీలతో విడదీసి, బూడిదపెట్టెను ఖాళీచేసి, గాలి చొరకుండ తలుపులు మూసి, ఇంజనును తనంత తాను చల్లారనిచ్చెదరు. పెద్ద ఇంజనునకు ఇందుకే ఒక దినము, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. ముందుభాగమందలి పొగపెట్టెలో చేరిన మసిని కూడ తీసివేయవలయును. ఆ మసికి తడి తగిలినచో, బొగ్గులోని గంధకమువలన ఆమ్లము పుట్టి ఇనుమును తినివేయును. నడచిన ఇంజను కన్న నడువక మురికితో నిలిచిన ఇంజను త్వరగా చెడునని నేననుటకు ఇదియొక కారణము.

చల్లారిన పిమ్మట బాయిలరు కడుగుట. షెడ్డువారు దీనిని వాషౌట్ అందురు. ఇచ్చట మన జిల్లావారికి సులభముగా బోధపడు సంగతి యొకటి కలదు. ధర్మపురి ప్రాంతపు బోరునీటిలో ఫ్లోరైడు హెచ్చని అందరు ఎరుగుదురు. హొగెనక్కలు నుండి కావేరి నీటిని తెచ్చు పథకము 2013లో వచ్చినది అందులకే. బోరునీటితో వచ్చు చిక్కు ఇంకొకటి కఠినత్వము, అనగా సున్నపు లవణములు. నిత్యము బోరునీరు కాచు కాగు అడుగున తెల్లని పొర కట్టుట మన తల్లులు చూచుచునే యున్నారు. బాయిలరులోను జరుగునది అదియే. నీరు ఆవిరియై పోవును. లవణములు మాత్రము పోవు. ఇంటి కాగులో దినమునకు నాలుగు చెంబుల నీరు కాగును. డబ్ల్యు.పి. ఇంజను వెనుకనుండు టెండరులో ఇరువదియైదు వేల లీటర్ల నీరు పట్టును, ఆ నీరంతయు ఆవిరియై పోయి మరల నింపబడును. ఎంత లవణము వెనుక మిగులునో పిల్లలనే లెక్క వేయుమనవచ్చును.

ఆ పొరవలన నష్టమేమి? ఉక్కుకంటె ఇరువది రెట్లకు పైగా తక్కువగా అది వేడిని ప్రసరింపజేయును. నిప్పునకును నీటికిని నడుమ దుప్పటి కప్పినట్లగును. బొగ్గు వృథాయగుట చిన్న నష్టము. నీరు తగులని లోహము వేడెక్కి మెత్తబడుట పెద్ద నష్టము. డబ్ల్యు.పి. బాయిలరులో ఒత్తిడి చదరపు అంగుళమునకు 210 పౌనులు. ఆ ఒత్తిడిలో నీరు 200 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడెక్కిన గాని మరుగదు. అంత వేడిగల నీరు ఒక్కసారి బయల్పడినచో క్షణములో ఆవిరిగా మారి వందలరెట్లు వ్యాకోచించును. బాయిలరు ప్రేలుట యనగా ఇదియే. కావుననే బాయిలరునకు చుట్టును చిన్న చిన్న మరలు బిగించిన రంధ్రములు ఉంచెదరు. వాషౌట్ నాడు వానిని విప్పి, గట్టి ధారతో నీటిని కొట్టి, వంకర కడ్డీలతో గోకి, అడుగున చేరిన ఒండును, పొలుసులను బయటికి తెత్తురు. పిదప చిన్న దీపమును లోనికి పంపి, ఏ మూల నైన తెల్లదనము మిగిలినదా యని చూతురు. అనుభవముగల ఫిట్టరు ఆ పొలుసు ముక్కను చేతిలో నలిపి, ఏయూరి నీరు పోసినారో ఊహింపగలడట.

కొలిమి గోడ రెండు పలకల నడుమ నీరు నిలుచు కట్టడము. ఆ పలకలను పట్టియుంచుటకు వందలకొలది మేకులు కలవు. మేకు లోపల విరిగినచో బయటికి కనబడదు గదా! అందుకని మేకు మధ్యగా సన్నని బెజ్జము వేయుదురు. విరిగిననాడు ఆ బెజ్జము గుండ నీరు చెమ్మగిల్లి, నేను విరిగితినని తానే చెప్పును. ఇంత సులభమైన యుక్తి నాకు మరియొక యంత్రమునందు కానరాలేదు. కొలిమి పైకప్పున సీసము నింపిన బిరడా యొకటి కలదు. సీసము 327 డిగ్రీల వద్ద కరగును. నీరు తగ్గి పైకప్పు ఎండబారినచో ఆ బిరడా కరగి, ఆవిరి నిప్పుమీదికి దూకి, ఫైర్‌మాన్‌ను హెచ్చరించును. దీనిని నియమితకాలమున మార్చుచుండవలయును. పాతబడి పొలుసు పట్టిన బిరడా అదనునకు కరగకపోవచ్చును. నీటిమట్టము చూపు గాజుగొట్టములు రెండుండుటకు కారణము ఒకటి అబద్ధమాడినను రెండవది నిజము చెప్పుననియే.

ఇక నూనె సంగతి. ఆవిరి తగులు సిలిండరునకు చిక్కని నూనె, ఇరుసులకు, కడ్డీల కీళ్లకు పలుచని నూనె. ఒకటి పోయవలసినచోట మరియొకటి పోయరాదు. కొన్ని కీళ్లపై నుండు చిన్న గిన్నెలలో ఉన్నిదారపు ఒత్తులు వ్రేలాడుచుండును. మన దీపపు ప్రమిదలో ఒత్తి నూనెను పైకి లాగునట్లే, ఆ ఒత్తి గిన్నెలోని నూనెను పైకి లాగి, అవతలి ప్రక్కకు చుక్క చుక్కగ దింపును. బండి నిలిచినను ఒత్తి తన పని మానదు. కావున ప్రయాణము ముగియగానే ఒత్తులను పైకి తీయవలయును. మరచినచో తెల్లవారుసరికి గిన్నెలు ఖాళీ, నేలంతయు నూనె. నూనె అందని ఇరుసు వేడెక్కి, లోపలి మెత్తని తెల్లలోహము కరగి కారును. దారిలో బండి నిలిచిన ప్రతిచోట డ్రైవరు దిగి, ఇరుసుపెట్టెలపై చేతి వెనుకభాగమును ఆనించి చూచుట అందులకే. జ్వరము వచ్చిన బిడ్డ నొసట తల్లి చేయి వేయుట దీనికంటె భిన్నము కాదు.

చక్రములను చిన్న సుత్తితో తట్టి చూచుట కూడ ఇట్టిదే. సంతలో కుండ కొనునపుడు వ్రేలితో తట్టి, ఖంగుమన్నచో మంచిదనియు, బొదబొదమన్నచో పగులున్నదనియు నిర్ణయింతుము. నేడు ఇరుసులలోని పగుళ్లను కనుగొనుటకు శ్రవణాతీత ధ్వనులను పంపు యంత్రములు వచ్చినవి. అవి కంటికి, చెవికి అందని లోతును చూపును. అంతమాత్రమున సుత్తి పనికిరానిదై పోలేదు.

తరువాతి ప్రయాణము కొలదివారములలో నున్నయెడల కడిగిన బాయిలరును శుద్ధిచేసిన నీటితో అంచువరకు నింపి, గాలికి చోటులేకుండ నుంచవచ్చును. నెలలకొలది నిలుపవలసివచ్చినచో పూర్తిగా ఎండబెట్టి, తేమను పీల్చు పదార్థమును పళ్లెములలో లోపల నుంచవలయును. సగము నీరు, సగము గాలి మాత్రము పనికిరాదు. త్రుప్పునకు ఆ రెండును కావలయును.

మరల ఆవిరి లేపుటయు నిదానముగనే. నూనె గుడ్డలు, ఎండుకట్టెలు ముందు, బొగ్గు వెనుక. గొట్టములు, పలకలు, మేకులు అన్నియు సమముగా వ్యాకోచించుటకు పెద్ద ఇంజనునకు ఒక పగలు ఒక రాత్రి ఇచ్చుట మంచి సంప్రదాయము. అతిథులు వచ్చుచున్నారని తొందరపడి నాలుగు గంటలలో ఆవిరి లేపువాడు ఇంజను ఆయుర్దాయమును అప్పు తెచ్చి ఖర్చుచేయుచున్నాడు.

ఇంగ్లండులో ఈ వ్యవహారమంతయు లిఖితపూర్వకము. ప్రధానమార్గముపై పోవు పాత ఇంజనును యాత్రకు ముందు పరీక్షకులు చూచి అనుమతించిన గాని కదలనీయరు. సామాన్యముగా పది సంవత్సరములకొకమారు బాయిలరును చట్రమునుండి పైకెత్తి సమగ్రముగా బాగుచేయుదురు. 1923లో పుట్టిన ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అను ఇంజనునకు 2006లో మొదలిడిన మరమ్మతు 2016 ప్రారంభమున గాని ముగియలేదు. వ్యయము నలువది రెండు లక్షల పౌనులు. దారిలో నీటి స్తంభములు ఎన్నడో తొలగింపబడినందున అచ్చట లారీలతో నీరు తెచ్చి పోయుదురు. ఇంజను వెంట సహాయకుల పెట్టెయొకటి, అందులో ఫిట్టర్లు, పనిముట్లు, నూనె డబ్బాలు ఉండును.

డబ్బున్నను దొరకనిది యొకటి కలదు. మన దేశమున పెద్దదారిపై నిత్యము నడచు ఆవిరి బండ్లు 1995 డిసెంబరులో ఆగిపోయినవి. చిత్తరంజనులో ఆవిరి ఇంజనుల నిర్మాణము 1972లోనే ముగిసినది. 1995లో ఇరువదేండ్ల ప్రాయమున షెడ్డులో చేరిన కుర్రవాడు నేడు ఏబది దాటినాడు. అతనికి పని నేర్పిన మేస్త్రీలలో అనేకులు లేరు. విడిభాగము లేనిచో పటము చూచి పోతపోయవచ్చును. పొన్మలై కార్ఖానావారు ఈ శతాబ్దమున నీలగిరి రైలునకు ఆవిరి ఇంజనులనే క్రొత్తగా నిర్మించి చూపిరి. కాని చెవితో పగులు కనిపెట్టుట, వాసనతో ఇరుసు వేడి గ్రహించుట, పార విసరుటలో బొగ్గు ఎచ్చట పడవలెనో చేతికి తెలియుట, ఇవి పటములో వ్రాయబడి యుండవు. నెల్లూరు జిల్లా బిట్రగుంటలో ఒకప్పుడు పెద్ద ఆవిరి షెడ్డు ఉండెడిది. అచ్చటి తెలుగు కార్మికులు ఈ పనులన్నిటిని తెలుగులో చెప్పుకొన్నవారే. వారి మాటలలో చాలభాగము నిఘంటువుల కెక్కలేదని నా అభిప్రాయము. మన విద్యార్థుల ఇండ్లలో రైల్వేలో పనిచేసిన తాతలున్నచో, ఆ మాటలను పిల్లలచేత అడిగించి నోటుపుస్తకములో వ్రాయించుడు. వచ్చే సంచికలో ముద్రింతుము.

ఎన్నడైన చెన్నపట్టణమున ఆ పాత ఇంజను బయలుదేరునని తెలిసి పిల్లలను తీసికొనిపోవుదురేని, బండి కదలు సమయమునకు కాదు, గంట ముందుగ పొండు. కూతకు అందరు చేతులు చరతురు. అంతకుముందు ఒకడు పొడుగు ముక్కుగల నూనెడబ్బాతో ఇంజను చుట్టు నిదానముగ తిరుగుచు, ప్రతి కీలువద్ద వంగి, ఒత్తులను లోనికి దించుచుండును. పిల్లలకు చూపవలసినది ఆ మనుష్యుని.