నంద్యాల, ఆరవీటి, ఉయ్యాలవాడ: ఊరిపేరు ఇంటిపేరైన తీరు

తెలుగువారి యింటిపేర్లలో గ్రామనామముల నుండి వచ్చినవి పెక్కు. అట్టి పేరు గల వంశమునకు ఆ గ్రామమే జన్మస్థానమని సాధారణముగా భావింతుము. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల చరిత్రలో కన్పించు మూడు పేర్లను పరిశీలించినచో ఈ భావన అన్నియెడల చెల్లదని తేలుచున్నది.

ముందుగా రూపమును చూతము. ఊరిపేరు ఇంటిపేరగునపుడు వ్యక్తినామమునకు ముందు విశేషణముగా నిలుచును. కావున ఔపవిభక్తికరూపమును పొందును. ఇ, టి, తి వర్ణములను ఔపవిభక్తికములుగా చిన్నయసూరి బాలవ్యాకరణమున నిరూపించెను. 'నెల్లూరు' 'నెల్లూరి' యగుట, 'ఆరవీడు' 'ఆరవీటి' యగుట ఇందుకు ఉదాహరణములు. 'నంద్యాల', 'ఉయ్యాలవాడ' వంటి అకారాంతములు మార్పు లేక నిలుచును. వీనియందు ఊరిపేరేదో, ఇంటిపేరేదో రూపమును బట్టి గుర్తింప వీలులేదు. చరిత్రయే శరణ్యము.

'నంద్యాల' శబ్దమునకు 'నంది ఆలయము' మూలమని జనవ్యుత్పత్తి. యణాదేశసంధిచే 'నంద్యాలయము' సిద్ధించుట శాస్త్రసమ్మతమే. అయితే జగిత్యాల, మంచిర్యాల నామములందును ఇట్టి ముగింపే కలదు. కావున ముగింపు నొక్కదానినే బట్టి ఆలయము నూహింపరాదు. నంద్యాల విషయమున పరిసరములందలి నవనందుల క్షేత్రములే ఈ వ్యుత్పత్తికి బలము.

16వ శతాబ్దిలో పింగళి సూరన కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణమరాజునకు అంకితమొనర్చెను. ఈ నంద్యాల ప్రభువులు ఆరవీటి వంశమున ఒక శాఖవారు. విజయనగర సామ్రాజ్యము నేలిన కడపటి రాజవంశమును ఆరవీటివారిదే. అనగా మూలవంశమునకు ఒక ఊరిపేరు, శాఖకు మరియొక ఊరిపేరు ఏర్పడినవి. ఇచట 'నంద్యాల' పుట్టినచోటును గాక ఏలినచోటును తెలుపుచున్నది.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు వేరొక తీరును చూపును. 1846లో ఆంగ్లేయుల పై తిరుగుబాటు చేసి, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీయబడిన ఈ వీరుని యింటిపేరు మజ్జారి. లోకవ్యవహారమున ఊరిపేరు దానిని మరుగుపరచినది. 1866 నాటి కరవున అన్నదానముచే ప్రసిద్ధుడైన వెంగళరెడ్డిదియు ఉయ్యాలవాడయే. ఆయన మాత్రము బుడ్డా అను ఇంటిపేరుతోనే నిలిచెను. ఊరిలోనివారికందరికి ఊరిపేరు సమానము గనుక అది అచట భేదకము కాజాలదు. వెలుపలివారు పేర్కొనునపుడే భేదకమగును.

కావున ఊరిపేరు మూలస్థానమును, అధికారస్థానమును, ప్రసిద్ధిస్థానమును తెలుపవచ్చును. నేడు 'నంద్యాల' యింటిపేరుగా గలవారిని ఆ పేరు మాత్రముచే కృష్ణమరాజు వంశీయులుగా నిర్ణయించుట యుక్తము కాదు. నామసామ్యము వంశైక్యమునకు ప్రమాణము కాదు. కావ్యావతారికలలోని కృతిపతి వంశవర్ణనలను, శాసనములను, గోత్రమును కలిపి చూచిన పిదపనే పరిశోధకులు వంశనిర్ణయమునకు పూనుకొనవలెను.