నవలలో కొలతలుండవు

కొత్తగూడ చౌరస్తా నుంచి కొండాపూర్ వైపు నడవండి. ఎన్ని హాస్టళ్లో అన్ని ప్రేమకథలు. చాలావాటికి వంటిల్లు మాత్రం లేదు. పుట్టినరోజు కేకు యాప్‌లో వస్తుంది, అలక తీర్చే బిర్యానీ యాప్‌లో వస్తుంది, రాజీ కుదిరాక ఐస్‌క్రీమూ అందులోనే వస్తుంది. తప్పేం లేదు. కాకపోతే మీరు ప్రేమించే మనిషి ఎంత కారం తినగలరో ఆ బండి మీద వచ్చిన అబ్బాయికి తెలియదు. మీకు తెలుసా?

ఈ శనివారం ఒక ప్రేమ నవల తీయండి. అందులో ఒక వంటకం పట్టుకోండి. వండండి.

నవ్వొస్తే నలుణ్ణి తలుచుకోండి. నన్నయ భారతం అరణ్యపర్వంలో ఉన్న ప్రేమకథ అది. జూదంలో రాజ్యం పోయింది, కర్కోటకుడనే పాము కాటుతో రూపం పోయింది. బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణుడి కొలువులో గుర్రాలు చూసుకుంటూ బతుకుతున్నాడు. భార్య దమయంతికి అనుమానం వచ్చింది. నిలదీయలేదు. చెలికత్తె కేశినిని పంపి, అతను వండిన మాంసం తెప్పించుకుని రుచి చూసింది. ఎన్నోసార్లు తిన్న చేతివంట, వెంటనే తెలిసిపోయింది. అందరూ నలపాకాన్నే మెచ్చుకుంటారు. నా లెక్కలో సగం మార్కులు దమయంతివి. అంత శ్రద్ధగా తిన్నది కాబట్టే గుర్తుపట్టగలిగింది. ఫోన్ చూస్తూ తినేవాళ్లు ఎవరినీ అలా గుర్తుపట్టలేరు.

వంట పుస్తకం, నవల వేర్వేరు అరల్లోనే ఉండాలని రూలేమీ లేదు. ‘వంటలు-పిండివంటలు’ రాసిన మాలతీ చందూర్, ‘హృదయనేత్రి’ నవలకు 1992లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న మాలతీ చందూర్ ఒక్కరే. ‘పాత కెరటాలు’ పేరుతో పరాయి దేశాల నవలల్ని మన ఇళ్లలోకి తెచ్చిందీ ఆవిడే.

మొదటిసారి వండేవాళ్లకు సులువైన దారి లారా ఎస్కివెల్ వేసిపెట్టింది. 1989లో వచ్చిన ‘లైక్ వాటర్ ఫర్ చాక్లెట్’ అనే ఆ మెక్సికో నవలలో పన్నెండు అధ్యాయాలు, ఒక్కో నెలకు ఒక్కో వంట. పెళ్లి చేసుకునే హక్కు లేని టీటా, ప్రియుడిచ్చిన గులాబీలతో కౌజుపిట్టల కూర చేస్తుంది. హైదరాబాద్‌లో కౌజుపిట్టలు దొరుకుతాయి. గులాబీలతోనే జాగ్రత్త. బొకేల షాపు పువ్వులకు మందులు కొట్టి ఉంటారు, కూరలో వేయకండి. పాన్ డబ్బా అతన్ని అడిగితే చెంచాడు గుల్కంద్ ఇస్తాడు. తీపి ఎక్కువ కాబట్టి నిమ్మరసం, మిరియాలు కాస్త గట్టిగా పడాలి.

అసలు పరీక్ష జేన్ ఆస్టిన్ దగ్గర మొదలవుతుంది. 1813 నాటి ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో బింగ్లీ, తెల్ల సూప్ తయారు కాగానే డాన్సు పార్టీకి కార్డులు పంపుతానంటాడు. అంతే. ఎలా చేయాలో నవలలో ఉండదు. ఆ కాలంలో దూడ మాంసం ఉడికించిన రసంలో బాదం, మీగడ కలిపి చేసేవారు. మన వంటింట్లో కోడి ఎముకలు గానీ, ఉల్లిపాయ, క్యారెట్ గానీ వేసి మరిగించి వడకట్టండి. రాత్రి నానబెట్టి పొట్టు తీసిన బాదం మెత్తగా రుబ్బి కలపండి. మీగడ చివర్లో, సన్న మంట మీద వేయండి. బాదం గుప్పెడా, రెండు గుప్పెళ్లా? మిరియాలు ఎన్ని? ఎవరూ చెప్పరు, మీరే తేల్చుకోవాలి. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ రానిదే కీబోర్డు ముట్టని మన సాఫ్ట్‌వేర్‌వాళ్లకు ఈ ఇబ్బంది చాలా అవసరం. చిటికెడు వేసి, రుచి చూసి, ఇంకో చిటికెడు వేయడం వస్తే, సగం సమాచారంతో నిర్ణయం తీసుకోవాల్సిన మీటింగులో కూడా చేతులు వణకవు.

మన నవలలతో చిక్కు వేరు. యద్దనపూడి సులోచనారాణి హీరో కారు గుర్తుంటుంది గానీ, ఏం తిన్నాడో నాకైతే గుర్తు లేదు. అలాంటప్పుడు మనిషిని బట్టి వంటకం ఊహించండి. ‘సెక్రటరీ’ నవలలోని జయంతి ఆఫీసు నుంచి అలసి వచ్చిన రాత్రి ఏం వండుకుంటుంది? అభిమానం ఎక్కువ, పర్సులో డబ్బు తక్కువ. నా ఓటు వేడన్నం, చింతకాయ పచ్చడి, నాలుగు వేయించిన అప్పడాలకు. మీరు వేరేది అంటారేమో. ఎందుకో చెప్పగలిగితే చాలు, ఆ మనిషి మీకు అర్థమైనట్టే. ఇదే ప్రశ్న పక్క సీట్లో కూర్చునే సహోద్యోగి గురించి వేసుకుని చూడండి. ఏళ్ల తరబడి కలిసి టీ తాగినవాళ్ల గురించి కూడా సమాధానం తోచదు.

వడ్డించాక ‘బాగుందా?’ అని అడగకండి, మర్యాదకు బాగుందంటారు. ‘ఏం తగ్గింది?’ అని అడిగి, వచ్చిన జవాబుకు వాదన పెట్టుకోకుండా నవలలో ఆ వంటకం ఉన్న పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకోండి. హాస్టల్లో స్టవ్ పెట్టనివ్వకపోతే ఫ్లాట్ ఉన్న స్నేహితుల ఇంటికి వెళ్లండి. సరుకులు మీరే పట్టుకెళ్లండి, గిన్నెలూ మీరే కడగండి. నవల చదివింది మీరు, వాళ్లు కాదు.